వెనక బెంచీ కాపలా

ఇక నుంచి వెనక బెంచీలో రక్షణ దళం వాళ్ళు తప్ప ఇంకెవరూ కూర్చోకూడదని హార్లన్ పాస్టర్ గారు ప్రకటించినప్పుడు ఆ బెంచీలో మా నాయనమ్మ నిద్రపోతోంది.

చర్చి మొత్తం వెనక్కి తిరిగి ఆమెను చూసింది. పక్కన ఉన్నాను కాబట్టి నన్నూ చూసింది. నలుగురు ఒకేసారి నావైపు చూస్తే చాలు, నా చెవులు కాలిపోతాయి. పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను. నాయనమ్మ లేచి, అందరూ తనవైపే చూస్తున్నారని గమనించి, ప్రార్థన అయిపోయిందనుకుని గట్టిగా "ఆమెన్" అంది.

మా లోయలో బెంచీల మీద పేర్లు రాసి ఉండవు. ఏది ఎవరిదో అందరికీ తెలుసు, అంతే. ముందు బెంచీ మాత్రం ఎవరిదీ కాదు. అంత్యక్రియలప్పుడు పోయినవాళ్ళ తాలూకు మనుషులు అక్కడ కూర్చుంటారు. మిగతా రోజుల్లో కోట్లు, గొడుగులు కూర్చుంటాయి. వెనక బెంచీలో నడవ పక్క చోటు ఒలీటా ఫ్రేలీది, అంటే మా నాయనమ్మది. ఆమె ఎడమ మోకాలు వంగదు, చేతికర్ర పట్టుకునే నడుస్తుంది. అక్కడైతే కాలు నడవలోకి చాపుకోవచ్చు. ప్రసంగం మధ్యలో కునుకు తీసినా పాస్టర్ గారికి తప్ప ఎవరికీ కనిపించదు. ఆయనకు అలవాటైపోయింది.

ఆమె పక్క చోటు నాది. అమ్మ ముందు పియానో దగ్గర ఉంటుంది, నాన్న మగవాళ్ళతో ద్వారం దగ్గర నిలబడతాడు, కాబట్టి చిన్నప్పటి నుంచి నేను నాయనమ్మ చాటునే పెరిగాను. పాటలప్పుడు ఇద్దరం ఒకే పుస్తకం చెరో వైపు పట్టుకుంటాం. ఆమె ఇద్దరికీ సరిపడా పాడుతుంది. నేను పెదాలు కదుపుతాను. నన్ను చూసి, మార్లా కూడా బాగానే పాడుతుందని ఊళ్ళో కొంతమంది అనుకుంటారు. ప్రసంగం మొదలవగానే ఆమె బ్యాగులోంచి పిప్పరమింట్ బిళ్ళ ఒకటి నా చేతిలోకి వస్తుంది. ఆ బెంచీలో కాకుండా ఇంకెక్కడైనా కూర్చోవాల్సి వస్తే నేను ఆదివారాలు జ్వరం తెచ్చుకుంటానని నాకు తెలుసు.

ఆ రక్షణ దళానికి నాయకుడు మా నాన్న.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నాయనమ్మ గ్రేవీ గిన్నె తన పళ్ళెం పక్కనే పెట్టుకుని కూర్చుంది. నాన్న చెయ్యి చాపినా జరపలేదు.

"నా చోటు ఎవడికిచ్చావురా డ్వెయిన్?"

"ఎవడికో కాదమ్మా. దళానికి."

"దళమంటే ఎవరు?"

"నేనూ, బడ్ కాంబ్స్ గారూ. ఇంకా ఒకరిద్దరు చేరతారు."

"అంటే నీకూ, బడ్‌కీ. చిన్నప్పుడు నా పెరట్లో పుచ్చకాయలు దొంగిలించింది కూడా ఈ దళమే కదూ."

నాన్న ఓపిగ్గా వివరించాడు. దేశంలో ఎక్కడెక్కడ ఏమేం జరుగుతున్నాయో వార్తల్లో చూస్తున్నాం. చర్చి తలుపును కాసేవాళ్ళు తలుపుకు దగ్గరగా ఉండాలి. ముందు కూర్చుని వెనక తలుపును ఎవరూ కాయలేరు.

"మన చర్చిలోకి చెప్పకుండా వచ్చింది ఇంతవరకూ బడ్ వాళ్ళ మేక ఒక్కటే," అంది నాయనమ్మ. "దాన్ని నేనే చెవి పట్టుకుని బయటికి సాగనంపాను. ఏ చోటులోంచి లేచి సాగనంపానో నీకు గుర్తుందా?"

"చూశావా, ఆ రోజుకి మనకి దళమే లేదు," అన్నాడు నాన్న.

అమ్మ తల వంచుకుని బీన్సు లోపల ఏదో వెతుకుతున్నట్టు నటించింది.

"తుపాకీని బట్టల కింద దాచి మోసే క్లాసు పాసై, అనుమతి కార్డు తెచ్చుకున్నవాళ్ళకే ఆ బెంచీ. పాస్టర్ గారు, నేను, పెద్దలు కూర్చుని నిర్ణయించాం. నియమం అందరికీ ఒకటే అమ్మా."

"నిన్ను కన్నది నేను. నియమం కాదు."

"అయినా సరే."

"క్లాసు ఎప్పుడు?"

నాన్న నవ్వాడు. నవ్వకుండా ఉంటే ఆ విషయం అక్కడితో పోయేదని ఇప్పటికీ అమ్మ అంటుంది. నాయనమ్మ గ్రేవీ గిన్నె ఎత్తి, మిగిలినదంతా తన రొట్టె మీద ఒంపుకుని, ఖాళీ గిన్నె ఆయన ముందు పెట్టింది.

నాన్న ఈ పనిని తేలిగ్గా తీసుకునే మనిషి కాదు. రోజూ పనిలోంచి రాగానే తుపాకీ ఖాళీ చేసి, తూటాలు వేరే గదిలో పెట్టి, పడకగదిలో అద్దం ముందు నిలబడేవాడు. ఎడమచేత్తో చొక్కా అంచు పైకి గుంజాలి. కుడిచెయ్యి నడుము దగ్గర పిడిని పట్టాలి. పైకి లాగి, గుండె ముందు రెండు చేతులూ కలిపి, ముందుకు చాపాలి. అది ఆలోచించి చేస్తే ఆలస్యమవుతుందట. చెయ్యి తనంతట తనే చెయ్యాలట. అందుకోసం చేసిందే చేసేవాడు. ఆయన చొక్కాలన్నీ ఎడమవైపు సాగిపోయాయి. అమ్మ ఇస్త్రీ చెయ్యడం మానేసింది.

చెయ్యి నిజంగానే తనంతట తను నేర్చుకుంది. ఒకసారి కిరాణా కొట్లో వెనకనుంచి ఎవరో "డ్వెయిన్" అని పిలిస్తే నాన్న ఎడమచెయ్యి చటుక్కున చొక్కా ఎత్తేసింది. పిలిచినావిడ మా పాత లెక్కల టీచరు. ఆవిడ ఆయన బొడ్డును చూసి, "నువ్వు కాస్త ఒళ్ళు చేశావు," అని వెళ్ళిపోయింది.

ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క హోటల్లో ఆయనా బడ్ గారూ ప్రతి శనివారం పొద్దున టిఫిన్ చేస్తారు. తలుపుకు వీపు పెట్టి కూర్చోకూడదన్నది ఇద్దరి నియమం. బల్లకు తలుపు కనిపించే వైపు ఒకటే. కాబట్టి ఇద్దరూ ఒకే వైపు, భుజాలు రాసుకుంటూ, కొత్త పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ లాగా కూర్చుని గుడ్లు తినేవాళ్ళు. ఎదుటి కుర్చీల్లో వాళ్ళ టోపీలు కూర్చునేవి. వడ్డించే అమ్మాయి ఒకసారి మధ్యలో కొవ్వొత్తి పెట్టి వెళ్ళింది. వాళ్ళు దాన్ని పక్కకు జరిపారు, తలుపుకు అడ్డం వస్తోందని.

క్లాసు చెప్పేది లానీ స్కాగ్స్ గారు. ఒకప్పుడు షెరీఫ్ దగ్గర పనిచేశారు. కంకర క్వారీలో మట్టిగట్టుకు ఎదురుగా బల్లలు వేసి నేర్పుతారు. నాయనమ్మ పాత కోటు వేసుకుని, పెద్ద బ్యాగు భుజానికి తగిలించుకుని వచ్చింది. నేను ఆమె మడతకుర్చీ మోసుకుంటూ వెనక నడిచాను. నాన్న కూడా వచ్చాడు, లానీ గారికి సాయమని చెప్పి. చేతులు కట్టుకుని బండికి ఆనుకుని నిలబడడమే ఆయన చేసిన సాయం.

"తుపాకీ ఎక్కడ పెట్టుకుంటావు పెద్దమ్మా?" అన్నారు లానీ గారు.

"బ్యాగులో."

"సరే. నేను దొంగని. వచ్చేస్తున్నాను. తియ్యి."

తుపాకీ బదులు ఒక చెక్కముక్క ఇచ్చి బ్యాగులో వేసుకోమన్నారు ముందే. నాయనమ్మ బ్యాగు తెరిచింది. పిప్పరమింట్ల పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత చేతిరుమాళ్ళు, కత్తెర, చిక్కుడు విత్తనాల కవరు, తాతయ్య కళ్ళజోడు పెట్టె, కొలత టేపు వచ్చాయి. తాతయ్య పోయి చాలా ఏళ్ళయింది.

"ఈలోగా దొంగ ఏం చేస్తూ ఉంటాడు పెద్దమ్మా?"

"ఓ పిప్పరమింట్ తింటూ ఉంటాడు," అని పొట్లం ఆయన వైపు జరిపింది. లానీ గారు ఒకటి తీసుకున్నారు.

బ్యాగు పనికిరాదని తేలింది. బ్యాగును కింద పెడతాం, మర్చిపోతాం, మనవలు చెయ్యి పెడతారు. తుపాకీ ఒంటిమీదే ఉండాలి. అది సర్దుకోవచ్చు గానీ, అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. నాన్న తన చిన్న పిస్తోలును ఆమెనే ఉంచుకోమని ఇచ్చాడు. తూటా ఎక్కాలంటే పైనున్న స్లైడును వెనక్కి లాగి వదలాలి. నాయనమ్మ వేళ్ళు కీళ్ళవాతంతో అల్లం కొమ్ముల్లా అయ్యాయి. లాగింది. స్లైడు కదలలేదు. పళ్ళు బిగించి లాగింది. కట్టుడు పళ్ళు కదిలాయి గానీ స్లైడు కదలలేదు.

"రెండు వారాల్లో పరీక్ష," అన్నారు లానీ గారు మెల్లగా. "బలం లేకపోతే నేనేం చెయ్యలేను పెద్దమ్మా."

నాన్న బండి దగ్గరి నుంచి చూశాడు. ఆయన మొహంలో జాలి ఉంది. ఆ జాలి కింద కాస్త ఊరట కూడా ఉంది. నాయనమ్మ రెండూ చూసింది.

తిరిగి వస్తున్నప్పుడు బండిలో ఆమె తన సామానంతా మళ్ళీ బ్యాగులో సర్దుకుంది. మా ఇంటి మలుపు దగ్గర, "ముందు బెంచీల్లో కాలు ఎక్కడ పెట్టుకుంటానే," అంది. నన్ను అడిగినట్టు లేదు.

నేను ఆ క్లాసులో విద్యార్థిని కాను. కుర్చీ మోసిన మనిషిని. కానీ ఒక మూల నోరు మూసుకుని కూర్చునేవాళ్ళకు అన్నీ వినిపిస్తాయి. పక్క బల్ల దగ్గర లానీ గారు వేరే ఆవిడకు చెబుతుంటే విన్నాను. మర్నాడు బడినుంచి తిన్నగా నాయనమ్మ ఇంటికి వెళ్ళి చెప్పాను.

"లాగొద్దట. స్లైడును ఎడమ అరచేత్తో గట్టిగా పట్టుకుని కదలకుండా ఉంచాలట. కుడిచేత్తో తుపాకీనే ముందుకు తొయ్యాలట. గుండెకు దగ్గరగా పెట్టుకుని, గొట్టం గోడవైపే ఉంచి."

"తొయ్యడమా?" అంది నాయనమ్మ. "తొయ్యడమైతే వచ్చు. మీ తాతని పొద్దున్నే మంచం మీంచి అలాగే లేపేదాన్ని."

తోసింది. స్లైడు వెనక్కి వెళ్ళి టక్కున ముందుకు వచ్చింది. ఇద్దరం దాన్ని చూశాం. నాయనమ్మ మళ్ళీ తోసింది, మొదటిసారి పొరపాటున జరిగిందేమోనని.

ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం వంటింట్లో మా సాధన. తూటాలు కాఫీ డబ్బాలో వేసి బయట వరండాలో పెట్టేవాళ్ళం. పిస్తోలు తెరిచి ఆమె చూసేది, నేను చూసేదాన్ని, తర్వాత ఆమె చిటికెనవేలు లోపల పెట్టి మరీ తడిమేది. రాతి పొగగొట్టం వైపే గురి. అటువైపు మనుషులు ఉండరు, కొండ ఉంటుంది.

"వేలు," అనేదాన్ని నేను. కాల్చాలని నిశ్చయించుకునే దాకా వేలు ట్రిగ్గరు మీదికి పోకూడదు, పక్కన చాచి ఉండాలి.

"చాచే ఉంచాను, చూడు. వేలు చాచి చూపించడం నాకు కొత్తా? పెళ్ళైనప్పటి నుంచి మీ తాతకి చూపించింది ఈ వేలే."

కుట్టు డబ్బాలోంచి గుండీ తీసి పిస్తోలు గొట్టం చివర నిలబెట్టేదాన్ని. గుండీ పడకుండా ట్రిగ్గరు నొక్కాలి. అది కూడా లానీ గారి మాటే. మొదటి రోజుల్లో గుండీలు పొయ్యి కిందికి, అలమార కిందికి దొర్లిపోయేవి. నేను బోర్లా పడుకుని వెతికేదాన్ని. "నెమ్మదిగా నాయనమ్మా, పిండిలోంచి వెంట్రుక తీస్తున్నట్టు," అన్నాను ఒకరోజు. నేను ఎవరికైనా సలహా ఇవ్వడం అదే మొదటిసారి అనుకుంటాను. ఆమె నావైపు వింతగా చూసింది. తర్వాత గుండీ పడలేదు.

తుపాకీ దాచుకోవడానికి తాతయ్య ఊలు స్వెట్టరు వేసుకుంది. నడుం దగ్గర చెయ్యి వేస్తే ఊలు అడ్డం పడేది. అప్పుడు తాతయ్య చేపల పెట్టె తీసి, గాలానికి కట్టే సీసం గుండ్లు కొన్ని స్వెట్టరు అంచులో కుట్టేసింది. ఇప్పుడు చేత్తో ఒక్కసారి విసిరితే అంచు వెనక్కి ఎగిరి అక్కడే ఆగేది. వంట చేస్తూ పక్కకి తిరిగినప్పుడు అదే అంచు ఉప్పు డబ్బాలను కూడా పడగొట్టేది.

ఆ రోజుల్లో మేమిద్దరం కలిసి ఆలోచించింది ఒక్కటే. పాసవ్వాలి, ఆ బెంచీలో కూర్చోవాలి. ఆమె కూర్చుంటే నేను కూర్చున్నట్టే. అందులో సందేహం ఉంటుందని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

పరీక్షలో గురికి పెట్టిన కాగితం మనిషికి సగానికి పైగా తూటాలు తగలాలి. నాయనమ్మ తీరిగ్గా కాల్చింది. మధ్యలో ఆగి ముక్కు తుడుచుకుంది. అంతా అయ్యాక లానీ గారు కాగితం దగ్గరికి వెళ్ళి చాలాసేపు చూశారు. చిల్లులన్నీ కుడి భుజం చుట్టూ ఉన్నాయి.

"బతుకుతాడు," అన్నారు. "కానీ ఇక బంతి విసరలేడు."

"పాసా, కాదా?"

"పాసే పెద్దమ్మా."

నాన్న వచ్చి ఆమెను కౌగిలించుకున్నాడు. నిజంగానే సంతోషించాడు. తన అమ్మ ఈ వయసులో పాసైందని రాబోయే ఆదివారం అందరికీ చెప్పుకోవచ్చన్నది అప్పటికే ఆయన బుర్రలో తిరుగుతోంది.

కార్డు వచ్చిన ఆదివారం నాయనమ్మ తన చోటులో, నడవ పక్కన, సీసం స్వెట్టరుతో కూర్చుంది. కాలు చాపుకుంది. బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది. నేను పక్కన కూర్చోబోయాను.

"మార్లా," అన్నాడు నాన్న, గొంతు తగ్గించి. "ఇక్కడ దళం వాళ్ళేనమ్మా."

"అది నా మనవరాలురా."

"నాకూ కూతురే. కానీ వయసు చాలదు కదా. కార్డు లేదు కదా. ఒక్కరికి సడలిస్తే రేపు అందరూ అడుగుతారు."

నాయనమ్మ నోరు తెరిచింది. నియమం అందరికీ ఒకటేనని ఒప్పుకునే ఆమె ఆ కార్డు తెచ్చుకుంది. నోరు మూసుకుంది. నేను ఒక బెంచీ ముందుకు వెళ్ళి, రెండు చేతులతో పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఒంటరిగా పట్టుకుంటే ఆ పుస్తకం ఎంత బరువో అప్పుడు తెలిసింది.

వెనక నాన్న మెల్లగా నియమాలు చెబుతుంటే వినిపించింది. కుడిచెయ్యి ఖాళీగా ఉండాలి, అంటే పాటల పుస్తకం పట్టుకోకూడదు. చూపు తలుపు మీదే ఉండాలి. కునుకు తియ్యకూడదు. ప్రార్థనప్పుడు కళ్ళు మూసుకోకూడదు.

"కళ్ళు తెరుచుకుని చేసేది ప్రార్థన ఎలా అవుతుందిరా?"

"అది కాపలా అమ్మా."

ఆ రోజు నాయనమ్మ కళ్ళు తెరుచుకునే ఉంది. ఇన్నేళ్ళలో మొదటిసారి ప్రార్థనప్పుడు చర్చి ఎలా ఉంటుందో చూసింది. ఇంటికి వస్తూ చెప్పింది. పాస్టర్ గారు ప్రభువుతో మాట్లాడుతూ గడియారం చూసుకుంటారట. బడ్ గారి భార్య లోరెట్టా గారు గోళ్ళు చూసుకుంటారట. "చూడకుండా ఉంటేనే బాగుండేదే," అంది.

ఆ చర్చిలో వెనక్కి వెళ్ళాలని కోరుకునేది మా ఇద్దరం మాత్రమే కాదని మాకు ముందే తోచి ఉండాల్సింది. వంగని మోకాలున్న ఒలీటా ఫ్రేలీ పాసైతే మేమెందుకు పాసవ్వం అనుకున్నారు అందరూ. ముందు లోరెట్టా గారు పాసయ్యారు. తర్వాత గాయకబృందంలో ఆల్టో, అంటే ఆడవాళ్ళ కింది గొంతు, పాడేవాళ్ళు. వెనక బెంచీ నిండింది. అప్పుడు పెద్దలు మళ్ళీ కూర్చుని, వెనక బెంచీ నిండితే దాని ముందున్న బెంచీని కూడా వెనక బెంచీగానే పరిగణించాలని నిర్ణయించారు. నేను లేచి ఇంకో బెంచీ ముందుకు వెళ్ళాను. ఆకులు రంగు మారేసరికి ఇంకొకటి.

లానీ గారి క్వారీలో శనివారాలు ఖాళీ ఉండేది కాదు. పియానో దగ్గర కూర్చున్నవాళ్ళకు తలుపు వెనకే ఉంటుంది కాబట్టి అమ్మ కూడా కార్డు తెచ్చుకుంది. ఆమె పక్కకి తిరిగి కూర్చుని వాయించడం మొదలుపెట్టాక కింది స్వరాలు ఆమె చేతికి అందేవి కావు. పాటలన్నీ సన్నగా, కంగారుగా వినిపించేవి. పిల్లలున్న మిగతావాళ్ళు వేరే చర్చికి మారిపోయారు, అక్కడ వెనక చోటు దొరుకుతోందని. చివరికి పాస్టర్ గారు కూడా కార్డు తెచ్చుకున్నారు. ఆయనకు తలుపు అందరికంటే బాగా కనిపిస్తుంది.

మొదటి మంచు పడిన ఆదివారం నేను ముందు బెంచీలో కూర్చున్నాను. కోట్లు పక్కకి జరిపి కూర్చున్నాను. నా వెనక ఖాళీ బెంచీలు. వాటి వెనక, తలుపు దాకా, మా ఊరు మొత్తం కాపలా కాస్తోంది. లెక్క చూస్తే వాళ్ళందరూ కాపాడుతున్నది నన్ను ఒక్కదాన్నే. నా మెడమీద అన్ని చూపులూ కలిసి స్వెట్టరులోంచి గుచ్చుకుంటున్నాయి. చెవులు ఎప్పుడో కాలిపోయాయి. పాస్టర్ గారు ప్రసంగమంతా నావైపే చూసి చెప్పారు. వ్యభిచారం గురించి, తాగుడు గురించి.

ప్రసంగం అయ్యాక ఆయన, "తలలు వంచి కళ్ళు మూసుకుందాం," అన్నారు అలవాటు కొద్దీ. నేను మూసుకున్నాను. ఎంతసేపటికీ ఆయన మొదలుపెట్టలేదు. ఒక కన్ను కొద్దిగా తెరిచి చూశాను. ఆయన నా తల మీదుగా వెనక్కి చూస్తున్నారు. అక్కడ ఒక్క కన్ను కూడా మూసి లేదు. ఆయనవీ మూసి లేవు.

"కళ్ళు మూసుకున్నవాళ్ళే ప్రార్థించాలి కదా," అన్నారు నెమ్మదిగా. మా చర్చిలో ఆ మాటను ఎవరూ కాదనరు. "మార్లా, నువ్వు చెప్పమ్మా."

లేచి నిలబడ్డాను. చలికి వెలిగించిన కట్టెల పొయ్యిలో ఏదో చిటపటలాడింది. నేను చర్చిలో గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు ఎప్పుడూ. పాడేది కూడా నాయనమ్మేనని ఇప్పుడు అందరికీ తెలిసిపోతుంది. బయటికి పరిగెత్తుదామనుకున్నాను గానీ, పరిగెత్తాలంటే అందరి మధ్యనుంచీ వెళ్ళాలి.

అప్పుడు వెనక పెద్ద చప్పుడైంది. చెక్క నేల మీద తుపాకీ పేలినట్టే అయింది.

వెనక్కి తిరిగాను. నాయనమ్మ నడవలో నిలబడి ఉంది. ఆమె చేతికర్ర నేల మీద పడి దొర్లుతోంది. ఆమె చుట్టూ, రెండు వైపులా, వెనక గోడ దాకా, మా ఊళ్ళో వాళ్ళందరి ఎడమచేతులూ చొక్కాల అంచులు పట్టుకుని గుండెల దాకా ఎత్తేసి ఉన్నాయి. కుడిచేతులు నడుముల దగ్గర ఆగిపోయాయి. ఎవరూ తుపాకీ బయటికి తియ్యలేదు. కర్రని చూశారు కాబట్టి ఆగారు. కానీ చొక్కాలు దించడం ఎవరికీ తట్టలేదు. ఇంకా పొయ్యి ఎక్కని రొట్టె పిండి ముద్దల్లా తెల్లగా పొట్టలు, బెంచీల వెంట వరసగా. నాన్నది, బడ్ గారిది, ఆల్టో పాడేవాళ్ళవి. లోరెట్టా గారి బొడ్డు దగ్గర ఒక చిన్న సీతాకోకచిలుక పచ్చబొట్టు ఉంది. బడ్ గారు కూడా దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నారు.

నేను నవ్వాను. నవ్వకూడదనుకుని నోరు మూసుకుంటే ముక్కులోంచి వచ్చింది. చర్చిలో నా గొంతు అందరికీ వినిపించడం అదే మొదలు.

నాయనమ్మ చేతులు మాత్రం స్వెట్టరు దగ్గరికి పోలేదు. ఖాళీగా లేవు. రెండు చేతుల్లో పాటల పుస్తకం ఉంది.

"అమ్మా, కుడిచేతిలో పుస్తకం," అన్నాడు నాన్న. చొక్కా ఇంకా ఎత్తే ఉంది.

"అవును."

"తుపాకీ ఏదీ?"

"పొద్దున్నే ఇంట్లో పెట్టి తాళం వేసి వచ్చాను. అంచులో సీసం గుండ్లు ఊడదీసేసరికి స్వెట్టరు కూడా తేలికైపోయింది." ఆమె కర్రను కాలితో పక్కకి జరిపి, బెంచీలు పట్టుకుంటూ, వంగని కాలు ఈడ్చుకుంటూ ముందుకు నడిచింది.

"నీ చోటు వదిలేసి ఎక్కడికి?"

"నా చోటుకే."

"మరి వెనక కాపలా?"

నాయనమ్మ ఆగి, వెనక్కి తిరిగి, ఆ చివర నుంచి ఈ చివర దాకా అందరినీ తీరిగ్గా చూసింది. "ఇన్ని పొట్టలు చూశాక ఎవడూ లోపలికి రాడులేరా."

చొక్కాలు ఒక్కొక్కటే దిగాయి. ఆమె వచ్చి నా పక్కన కూలబడింది. పుస్తకంలో ఒక వైపు నా చేతికిచ్చింది. "కానియ్యి," అంది.

కళ్ళు మూసుకున్నాను. "ప్రభువా, మమ్మల్ని కాపాడు," అన్నాను. ఆ తర్వాత ఏమనాలో తెలియలేదు. నాయనమ్మ మోచేత్తో పొడిచింది. "మమ్మల్ని కాపాడేవాళ్ళను కూడా కాపాడు. వాళ్ళు పాపం చాలా రోజులుగా కళ్ళు మూసుకోలేదు. ఆమెన్."

వెనకనుంచి ఆమెన్ కాస్త ఆలస్యంగా వచ్చింది. అందులో నాన్న గొంతు కూడా ఉంది.

దళం రద్దు కాలేదు. అలాంటివి మొదలయ్యాక రద్దు కావు. పైగా నడవ పక్క చోటు ఖాళీ అయ్యేసరికి నాన్నా బడ్ గారూ ఇద్దరూ దానికోసం పట్టుబట్టారు. ఇప్పుడు ఇద్దరూ అందులోనే, భుజాలు రాసుకుంటూ, హోటల్లో కూర్చున్నట్టే కూర్చుంటున్నారు. వాళ్ళ టోపీలకు మాత్రం చోటు లేదు.

నేనూ నాయనమ్మా ముందు బెంచీలో ఉంటాం. అక్కడ దాక్కోవడానికి ఏమీ లేదు. పెదాలు కదిపితే పాస్టర్ గారికి తెలిసిపోతుంది కాబట్టి నేను కొద్దికొద్దిగా పాడుతున్నాను. మొదటి ఆదివారం నాయనమ్మ కాలు చాపింది. ఎదురుగా బెంచీ లేదు, నడవ లేదు, పాస్టర్ గారి బల్ల దాకా నేలంతా ఖాళీ. ఇంకాస్త చాపింది.

"ఇక్కడ ఇంత చోటుందని ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదేమే," అని నా చేతిలో పిప్పరమింట్ పెట్టి, పాస్టర్ గారు బైబిలు తెరిచేలోపు నిద్రపోయింది.